గీత ఎవరిది? – వ్రాతపని, అద్దకం, తండా కుట్టు చెప్పే చరిత్ర



ఈ నివేదికలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీలు, రికవరీ శాతాలు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఈసారి గుడ్డ మీద బొమ్మ గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాం. దానికి కారణం మన స్టాళ్ల దగ్గర తరచుగా ఎదురయ్యే ఒక ప్రశ్న.

డ్వాక్రా బజారులో మన సభ్యురాలు ఒక జాకెట్టు ముక్కో, దిండు గలీబో, చేతి సంచో పరిచి కూర్చుంటుంది. చూసేవాళ్లు తిరగేసి చూస్తారు, లోపలి కుట్టు చూస్తారు, ధర అడుగుతారు. చివరికి ఒకరు అడుగుతారు: "ఇది మీరే వేశారా అమ్మా?" చేతిపని మనదే కాబట్టి "మేమే వేశాం" అంటాం. "అంటే డిజైను కూడా మీదేనా?" అని ఇంకొక మాట అడిగితే చాలామందికి నోరు పెగలదు. అది ఫోన్‌లో చూసిన బొమ్మ. లేదా పక్క ఊరి మగ్గం వర్క్ షాపులో వేలాడదీసిన దాన్ని చూసి వేసిన బొమ్మ. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరూ అలాగే నేర్చుకుంటారు. కానీ ఆ ప్రశ్నకు జవాబు లేనప్పుడు ధర దగ్గర మన గొంతు తగ్గిపోతుంది. ఇరవై రోజులు కూర్చుని వేసిన పనికి కూలి కూడా గిట్టకుండా ఇచ్చేస్తాం.

సొంత డిజైను అంటే ఏమిటి? ఎవరూ ఎన్నడూ వెయ్యని బొమ్మ వెయ్యటమా? అలా అయితే ఈ భూమ్మీద ఎవరికీ సొంత డిజైను ఉండదు. మన తెలుగు నేల మీద గుడ్డపై బొమ్మ వేసినవాళ్ల చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని మాకు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

రెండు పేర్లు, రెండు చేతులు

ఇప్పుడు అందరం 'కలంకారీ' అంటున్నాం. ఇది పారశీక భాష నుంచి వచ్చిన మాట. కలం అంటే కలమే, కారీ అంటే పని. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం రేవుకు పారశీక వర్తకులు వచ్చేవారు, వాళ్లతో ఈ మాట వచ్చి స్థిరపడింది. శ్రీకాళహస్తిలో పాతకాలం కళాకారులు ఈ పనిని 'వ్రాతపని' అన్నారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో చేసేదాన్ని 'అద్దకం' అంటారు.

ఈ రెండు పేర్లలోనే తేడా తెలుస్తుంది. వ్రాతపనిలో వెదురు కలంతో గుడ్డ మీద నేరుగా గీస్తారు. ఒకసారి గీసిన గీత మళ్లీ అచ్చంగా అలాగే రాదు. అద్దకంలో బొమ్మను ముందు టేకు చెక్క మీద చెక్కుతారు. ఆ చెక్కను రంగులో ముంచి గుడ్డ మీద వందసార్లు అద్దవచ్చు. వ్రాతపనిలో ఎక్కువగా దేవుళ్ల కథలు. గుడిలో వెనక తెరగా కట్టటానికి, రథాలకు అలంకారంగా అలాంటి గుడ్డలు వాడేవారు. అద్దకంలో తీగలు, పువ్వులు, మామిడి పిందెలు, చెట్లు ఎక్కువ. పరుపుల మీద, గోడల మీద పరుచుకునే దుప్పట్లు, నమాజు చేసుకునే గుడ్డలు అక్కడ తయారయ్యేవి.

ఓడ తెచ్చిన నమూనా

ఇదంతా మనకు దూరం సంగతి అనుకోవద్దు. మన పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. అంతకుముందు మనం గుంటూరు జిల్లా వాళ్లం. ఆ పాత గుంటూరు జిల్లా తీరంలోనే నిజాంపట్నం ఉంది. ఇప్పుడది బాపట్ల జిల్లా. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ ఆ తీరానికి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వాళ్లు నిజాంపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ వ్యాపారపు కొట్లు పెట్టారు. డచ్చివాళ్లు వాళ్లకంటే ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్లందరికీ కావలసింది మన నూలు గుడ్డ, ముఖ్యంగా ఉతికినా పోని రంగులతో బొమ్మలు వేసిన గుడ్డ.

అప్పట్లో వాళ్ల దేశాల్లో నూలు గుడ్డ మీద ఇలా గట్టిగా నిలిచే రంగులు వెయ్యటం వాళ్లకు చేతకాలేదు. మన వాళ్లకు వచ్చు. ఇసుక నేలల్లో దొరికే చిరువేరుతో ఎరుపు, ఇనుముతో నలుపు, నీలిమందుతో నీలం తీసేవారు. ఈ ఎరుపులో ఒక చిత్రం ఉంది. గుడ్డ మీద కలంతో పెట్టేది పటిక నీళ్లు మాత్రమే. అప్పుడు చూస్తే అక్కడ రంగే కనపడదు. తరువాత చిరువేరు వేసిన నీళ్లలో ఉడికిస్తే పటిక తగిలిన చోట మాత్రం ఎర్రగా తేలుతుంది. మిగతా చోట వేరు రంగు పట్టదు, ఉతికితే వదిలిపోతుంది. కనపడని నీళ్లతో బొమ్మ వెయ్యాలంటే ఆ బొమ్మ వేసేవాళ్ల మనసులో ఎంత స్పష్టంగా ఉండాలో ఆలోచించండి.

కంపెనీ వర్తకులు ఊరికే కొనుక్కుపోలేదు. తమ దేశంలో ఏ బొమ్మలకు గిరాకీ ఉందో చూసి నమూనాలు పంపించేవారు. ఇలా వెయ్యండి, నేల తెల్లగా ఉంచండి, పువ్వులు ఇలా ఉండాలి అని చెప్పేవారు. ఇప్పుడు మనకు వాట్సాప్‌లో ఫోటో పంపి ఇలాగే కావాలని అడుగుతారు చూడండి, అచ్చం అదే.

మరి మనవాళ్లు ఏం చేశారు? ఆ పువ్వులను వాళ్లు ఎన్నడూ చూడలేదు. నమూనాలో ఉన్న చెట్టు వాళ్ల ఊరి చెట్టు కాదు. చేతికి అలవాటైన తీగ ఒంపుతో, కంటికి అలవాటైన పువ్వు రేకులతో ఆ నమూనాను మళ్లీ గీశారు. అలా పుట్టిందే ఆ కాలపు పెద్ద దుప్పట్ల మీద కనిపించే చెట్టు బొమ్మ. కింద చిన్న గుట్ట, దాని మీంచి మెలికలు తిరుగుతూ లేచే మాను. ఒకే చెట్టుకు పది రకాల పువ్వులు, పది రకాల ఆకులు. అలాంటి చెట్టు ఏ దేశపు అడవిలోనూ లేదు. పారశీకం, చైనా, ఇంగ్లండు పోకడలు అన్నీ అందులో కొంచెం కొంచెం ఉన్నాయి. కానీ చూడగానే మన తీరపు పని అని తెలిసిపోతుంది. ఇప్పటికీ ఆ దుప్పట్లను లండన్ మ్యూజియంలో అద్దాల వెనక భద్రంగా దాచుకున్నారు.

ఇక్కడే మొదటి పాఠం ఉంది. నమూనా బయటినుంచి వచ్చినంత మాత్రాన పని నకలు అయిపోదు. దాన్ని మన చెయ్యి, మన కన్ను మార్చిందా లేదా అన్నదే చూడాలి.

ఉత్తరంలో వెళ్లిపోయిన విద్య

ఆ గుడ్డలు అక్కడ ఎంత అమ్ముడయ్యాయంటే వాళ్ల నేతగాళ్లకు పని లేకుండా పోయింది. 1686లో ఫ్రాన్సు రాజు ఈ బొమ్మల గుడ్డలను నిషేధించాడు. ఇంగ్లండులో 1701 నుంచి ఒక నిషేధం, 1721లో అంతకంటే గట్టి చట్టం వచ్చాయి. 1719లో లండన్ వీధుల్లో ఈ గుడ్డలు కట్టుకుని వెళ్లే ఆడవాళ్ల మీద నేతగాళ్లు పడి బట్టలు చించేసిన సంఘటనలు జరిగాయి. పని పోయిందన్న కోపం వాళ్లది, కానీ దెబ్బ తగిలింది మాత్రం బట్ట కట్టుకున్న ఆడవాళ్లకు.

గుడ్డ రాకుండా ఆపినా విద్య మీద మాత్రం కన్ను పోలేదు. కోర్డూ అనే ఫ్రెంచి క్రైస్తవ ఫాదరీ మన దక్షిణ దేశంలో చాలా ఏళ్లు ఉన్నాడు. తెలుగు బాగా నేర్చుకున్నవాడు, తెలుగు నిఘంటువు పని కూడా చేశాడు. ఆయన తనకు తెలిసిన రంగుల పనివాళ్లను అడిగి తెలుసుకుని, గుడ్డను ఎలా నానబెట్టాలి, పాలు ఎందుకు పట్టించాలి, పటిక ఎప్పుడు పెట్టాలి, వేరు ఎలా ఉడికించాలి అన్న వివరమంతా 1742లో ఉత్తరంగా రాసి ఫ్రాన్సుకు పంపాడు. అది అక్కడ అచ్చయింది. 1759లో ఫ్రాన్సు నిషేధం ఎత్తేసింది. మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అనే ఆయన వెర్సాయి దగ్గర జూయీ అనే ఊళ్లో బొమ్మల గుడ్డల కార్ఖానా పెట్టాడు. 1783లో ఇంగ్లండులో రోలరు అచ్చు యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు వేళ్లతో పని లేకుండా అదే ఎరుపును రసాయనంగా తయారు చేశారు. ఆ తరువాత మన చిరువేరుకు గిరాకీ పడిపోయింది.

ఈ కథలో మాకు గుచ్చుకున్న విషయం ఒకటుంది. ఉత్తరం రాసిన ఫాదరీ పేరు చరిత్రలో ఉంది. కార్ఖానా పెట్టిన ఆయన పేరు ఉంది. యంత్రం కనిపెట్టిన ఆయన పేరూ ఉంది. ఆ ఫాదరీకి పని చెప్పిన మన రంగులవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మ్యూజియంలో దాచిన దుప్పటి పక్కన ఊరి పేరుంటుంది, శతాబ్దం ఉంటుంది, గీసిన చెయ్యి ఎవరిదో ఉండదు.

కాళహస్తిలో మళ్లీ చిగురు

ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి వ్రాతపని దాదాపు ఆరిపోయే దీపంలా ఉంది. గుడులకు తెరలు రాయించేవాళ్లు తగ్గారు. కొద్ది కుటుంబాల్లోనే పని తెలిసినవాళ్లు మిగిలారు. అప్పుడు కమలాదేవి చటోపాధ్యాయ ముందుకొచ్చారు. స్వాతంత్ర్యోద్యమంలో ఉప్పు సత్యాగ్రహం చేసిన ఆ తల్లి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఏర్పడ్డ అఖిల భారత హస్తకళల బోర్డును నడిపించారు. ఆమె పూనికతో 1950ల చివరలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడ పిల్లలకు పని నేర్పిన పెద్దల్లో జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు ముఖ్యులు.

ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారు. బడిపంతులుగా పని చేస్తూ వ్రాతపనిని వదల్లేదు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆయన తన విద్యను దాచుకోలేదు. 'వ్రాతపని' అనే పేరుతోనే తెలుగులో పుస్తకం రాశారు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ విద్య గురించి బయటివాళ్లు రాసుకున్నారు. ఈసారి పని చేసే చెయ్యే కలం పట్టి రాసింది, తన పేరు పెట్టుకుంది. ఫాదరీ ఉత్తరానికి ఇన్నాళ్లకు మన ఇంట్లోంచి వచ్చిన జవాబుగా మేము దాన్ని చూస్తున్నాం.

చెరిపే వీలు లేని గీత

వ్రాతపని ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పుకుందాం. సొంతదనం ఎక్కడ పుడుతుందో అందులోనే కనిపిస్తుంది.

ముందు గంజి పోయేలా ముతక నూలు గుడ్డను ఉతికి, ఆరబెట్టి సిద్ధం చేస్తారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి పిండి ఆరేస్తారు. కరక్కాయ రంగును పట్టిస్తుంది. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. మనం సిరా పెన్నుతో పాత గుడ్డ మీద రాస్తే ఎలా ఊరుతుందో తెలుసు కదా, ఆ ఊరటాన్ని ఆపేది పాలే.

తరువాత చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో లేతగా బొమ్మ గీసుకుంటారు. ఇది తుడిస్తే పోతుంది. ఇక్కడిదాకా తప్పులకు చోటుంది. ఆ పైన కలం. వెదురు పుల్లను మొనదేల్చి, దాని మీద ఉన్నిగాని గుడ్డగాని చుట్టి దారంతో కడతారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొన దాకా దిగుతుంది. ఎంత నొక్కాలో ఏ పుస్తకం చెప్పలేదు, వేలే నేర్చుకోవాలి. నల్లరంగును వాళ్లు కసిం అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండలో చాలా రోజులు పులియబెడతారు. ఆ నీరు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా మారుతుంది. ఇక చెరగదు. కన్ను వంకర పోతే వంకరే, వేలు వణికితే ఆ వణుకు గుడ్డ ఉన్నంత కాలం ఉంటుంది.

ఆపైన పటిక పెట్టటం, ఉడికించటం, స్వర్ణముఖి పారే నీటిలో ఉతకటం, కరకపువ్వుతోనో దానిమ్మ తొక్కతోనో పసుపు వెయ్యటం, నీలం వెయ్యటం, నడుమ నడుమ మళ్లీ ఉతకటం, ఎండబెట్టటం. ఒక పెద్ద గుడ్డకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కథ రామాయణమే. రాముడికి నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపు అన్న పద్ధతి తాతలనాటిదే. గళ్లు గళ్లుగా కథను విడగొట్టి, కింద తెలుగులో ఏ ఘట్టమో రాసే పద్ధతీ పాతదే. ఇందులో కళాకారుడి సొంతం ఏముంది?

మన కారంపూడి గుర్తు తెచ్చుకుందాం. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు ఐదు రోజులూ జరుగుతాయి. కోడిపోరు నాడు ఎవరి పుంజు ఓడుతుందో మనలో పసిపిల్లకు కూడా తెలుసు. బాలచంద్రుడు తిరిగి రాడని తెలుసు. అయినా కథ చెప్పేవాళ్ల చుట్టూ చేరతాం. ఎందుకని? ఒకాయన నాగమ్మ మాటలను చురకగా చెబుతాడు. ఇంకొకాయన మాంచాల దగ్గర గొంతు తగ్గించి మనల్ని ఏడిపిస్తాడు. కథ అందరిదీ, చెప్పే తీరు ఒకరిది.

వ్రాతపని కూడా అంతే. ఏ ఘట్టానికి పెద్ద గడి ఇవ్వాలి, దేన్ని మూలకు జరపాలి అన్నది గీసేవాళ్ల నిర్ణయం. ఒకరు పట్టాభిషేకాన్ని నడుమ పెడతారు. ఇంకొకరు అశోకవనంలో సీతమ్మకు ఎక్కువ చోటిస్తారు. కంటి కొస ఎంత సాగాలి, చీర కుచ్చెళ్లు ఎలా పడాలి, ఖాళీ చోట తీగ పెట్టాలా వదిలెయ్యాలా, అన్నీ గీసేవాళ్ల చేతిలోనే ఉన్నాయి. పాత పద్ధతిలోనే క్రీస్తు కథ గీసినవాళ్లు కూడా ఉన్నారు. శిష్యులు మొదట్లో గురువు గీతనే దిద్దుతారు. బలపం పట్టిన పిల్ల అక్షరాలు దిద్దినట్టే. దిద్దటం నకలు కొట్టటం కాదు, అది నేర్చుకునే మెట్టు. ఆ మెట్టు మీదే ఆగిపోతేనే చిక్కు.

అద్దకం వాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. అచ్చు ఒకటే కదా, ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. కానీ పెడనలో చెక్క చెక్కేవాళ్లు వేరు, అద్దేవాళ్లు వేరు, ఉడికించి ఉతికేవాళ్లు వేరు. ఏ అచ్చు పక్కన ఏ అచ్చు పడాలి, అంచు మూల దగ్గర తీగ తెగకుండా ఎలా తిప్పాలి అన్నది అద్దేవాళ్ల లెక్క. పది ఇళ్లలో అవే అచ్చులున్నా పది చీరలు ఒకలా రావు. అక్కడ సొంతదనం ఒక్కరిది కాదు, ముగ్గురి చేతుల ఉమ్మడి. మన సంఘం పని కూడా ఇలాంటిదే.

ఆడవాళ్ల చేతికి కలం

కాళహస్తిలో చాలాకాలం కలం పట్టి బొమ్మ గీసింది ఎక్కువగా మగవాళ్లు. శిక్షణ కేంద్రాలు వచ్చాక, తరువాత ఆడవాళ్లతో పనిచేసే సంస్థలు వచ్చాక పరిస్థితి మారింది. అనితా రెడ్డి గారు మొదలుపెట్టిన 'ద్వారక' అనే సంస్థ అక్కడి ఆడవాళ్లను బృందాలుగా చేర్చి వ్రాతపని నేర్పించింది, అమ్మకానికి దారి చూపించింది. ఇవాళ కాళహస్తి వీధుల్లో వాకిట్లో కూర్చుని గుడ్డ మీద కలం నడిపేవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. ఇంటిపని, పిల్లలు, అప్పు వాయిదా అన్నీ మనలాగే వాళ్లకూ ఉన్నాయి.

వాళ్లకు వచ్చిన కష్టం కూడా మనకు తెలిసిందే. వాళ్లు వారాలు కూర్చుని గీసిన బొమ్మను యంత్రం మీద స్క్రీను ప్రింటుగానో, డిజిటల్ ప్రింటుగానో వేసి, 'కలంకారీ' అని పేరు పెట్టి కొన్ని వందలకే అమ్ముతున్నారు. కొనేవాళ్లకు తేడా తెలియదు. శ్రీకాళహస్తి కలంకారీకి, మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి పేరుతో, ఆ పద్ధతి కాని సరుకును అమ్మకూడదని దాని అర్థం. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును, పద్ధతిని కాపాడుతుందే గాని ఫలానా అక్క గీసిన ఫలానా బొమ్మను కాపాడదు. అందుకు ఆ అక్క తన బొమ్మ తనదని చూపించుకోగలగాలి.

మన తండాల సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు తండాల్లో ఉన్న మన లంబాడీ అక్కల దగ్గర పెద్ద విద్య ఉంది. ఫేటియా, కాంచళి, టుక్రి – లంగా, రవిక, తలమీది వల్లె. వాటి మీద అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో వేసే కుట్టు. ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన జనం వాళ్లు. వాళ్ల గోర్ బోలికి సొంత లిపి లేదు. కాగితం మీద రాసుకోలేని జ్ఞాపకాలను గుడ్డ మీద కుట్టుకున్నారేమో అని మాకు అనిపిస్తుంది.

ఆ కుట్టుకు ముందుగా బొమ్మ గీసుకోవటం తక్కువ. పోగులు లెక్కపెట్టుకుంటూ, కంటి కొలతతో వెళ్తారు. కూతురు తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంటుంది, పెళ్లికి తన బట్టలు తనే కుట్టుకుంటుంది. కుట్ల పేర్లు ఉమ్మడివే: కిలాన్, వెలే, బక్యా, మాకి ఇలా ఎన్నో. కానీ ఎరుపు పక్కన ఏ రంగు వెయ్యాలి, అద్దం ఎన్ని వరసలకు ఒకటి పెట్టాలి అన్నది కుట్టే మనిషి ఇష్టం. అందుకే ఒక తల్లి కూతుళ్ల ఫేటియాలు కూడా అచ్చుగుద్దినట్టు ఒకలా ఉండవు.

కర్ణాటకలో బళ్లారి వైపు సండూరులో ఇదే కుట్టు కుట్టే లంబాణీ ఆడవాళ్లు సంఘంగా కూడారు. 'సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ'కి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులను ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. మన తండాల్లో ఉన్నది కూడా ఆ చేతి వరసే. అయినా ఇక్కడ ఏం జరుగుతోంది? చిన్నవాళ్లు చీరలు, డ్రెస్సుల్లోకి మారారు, అది వాళ్ల ఇష్టం, తప్పు పట్టలేం. పాత ఫేటియాలను మాత్రం బేరగాళ్లు తక్కువ ధరకు కొనుక్కుపోతారు. వాటిని ముక్కలు కోసి బ్యాగులకు అతికించి పట్నాల్లో పెద్ద ధరకు అమ్ముకుంటారు. నాయనమ్మ ఏడాది పాటు కుట్టిన బట్ట ముక్కలైపోయింది, ఆమె పేరు లేకుండా పోయింది. లండన్ మ్యూజియంలో దుప్పటికి జరిగిందే ఇది కూడా.

సంఘాల్లో చర్చకు పెట్టే మాటలు

మన సంఘంలో వంద రూపాయల పొదుపుకు కూడా రాత ఉంది. తీర్మానాల పుస్తకం ఉంది, సంతకాలున్నాయి. ఎవరైనా అడిగితే పదేళ్ల కిందటి లెక్క తీసి చూపిస్తాం. కానీ మనం వేసిన బొమ్మకు ఏ పుస్తకంలోనూ పద్దు లేదు. ఈ వ్యాసం రాసేటప్పుడు మాకు బాగా తగిలిన మాట ఇదే. అందుకని ఈ కింది నాలుగు విషయాలను సంఘం సమావేశంలో మాట్లాడుకోమని కోరుతున్నాం.

ఒకటి. కుట్టు, మగ్గం, అద్దకం చేసే ప్రతి సభ్యురాలూ ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. కొత్తగా వేసిన బొమ్మను అందులో గీసుకుని, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఫోటో తీసి దాచాలి. ఎక్కడ చూసి వేశామో, అందులో ఏం మార్చామో రెండు ముక్కలు రాసుకోవాలి. మార్చింది ఏమీ లేకపోతే అది కూడా నిజాయితీగా రాసుకోవాలి. ఆరు నెలల తరువాత పుస్తకం తిరగేస్తే మన చెయ్యి ఎటు పోతోందో మనకే తెలుస్తుంది.

రెండు. చట్టం కొంత అండగా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సొంతంగా గీసిన బొమ్మ మీద గీసినవాళ్లకు హక్కుంటుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ అదే బొమ్మను డిజైనుగా నమోదు చెయ్యకుండా, యంత్రం మీద 50 కంటే ఎక్కువ వస్తువులకు వేస్తే ఆ హక్కు నిలవదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైనును నమోదు చేసుకుంటే ముందు 10 ఏళ్లు, ఆపైన ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే అది బయటికి రాకముందే నమోదు చెయ్యాలి. ముందే స్టేటస్‌లో పెట్టేసి, తరువాత నమోదు చేస్తామంటే కుదరదు.

మూడు. సరుకు మీద నిజం రాద్దాం. చేత్తో గీసినది చేత్తో గీసినదని, అచ్చుది అచ్చుదని, ప్రింటు గుడ్డ కొని కుట్టినది ప్రింటు గుడ్డ అని చీటీ కడదాం. చేతిపని మీద చేసిన మనిషి పేరు, ఊరి పేరు ఉండాలి. తోటి సభ్యురాలి బొమ్మ వాడుకోవాలంటే ఆమెను అడిగి వాడుకోవాలి. బయటివాళ్లు మన బొమ్మ ఎత్తుకుపోయారని బాధపడే మనం, పక్కింటి అక్క బొమ్మను అడక్కుండా తీసుకోవటం ఏం న్యాయం?

నాలుగు. తండాల్లోని పెద్దవాళ్ల దగ్గర పాత బట్టలు ఉంటే అమ్మేముందు ఒకసారి గ్రామ సమాఖ్యకు చెప్పండి. వాటిని అమ్మవద్దని అనే హక్కు మాకు లేదు, అవసరం ఎవరిదైనా అవసరమే. కనీసం ఫోటో తీసి, కుట్టినవాళ్ల పేరు, కుట్టు పేరు రాసి పెట్టుకుందాం. తెలిసిన అవ్వలు ఉండగానే ఆ కుట్లు మన పిల్లలకు చూపిద్దాం.

అక్కలారా, మళ్లీ ఆ మొదటి ప్రశ్న దగ్గరకు వద్దాం. స్టాలు దగ్గర "డిజైను కూడా మీదేనా?" అని ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి? అంతా నాదే అని గొప్పలు పోనక్కర్లేదు. కాళహస్తి కళాకారుడు రామాయణం తనదని ఎన్నడూ అనలేదు. "ఈ తీగ మా అమ్మమ్మ కుట్టులోది. ఈ రంగులు, ఈ మూల మలుపు నేను వేసుకున్నవి. ఇదిగో నా పుస్తకం" అని చూపిస్తే చాలు. అలా చూపించగలిగిన మనిషి ధర చెప్పేటప్పుడు తల దించుకోదు.

వచ్చే మండల సమాఖ్య సమావేశానికి ఇంట్లో ఉన్న పాత కుట్టు గుడ్డ ఒకటి, మీరు వేసిన కొత్త బొమ్మ ఒకటి తెచ్చుకోండి. పక్కపక్కన పెట్టి చూసుకుందాం.